డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క మాట మా క్లెయిమ్‌ను ఆపేసింది

మీ అత్తగారిని ఉన్నట్టుండి హాస్పిటల్‌లో చేర్చాల్సి వచ్చి నలుగురి బ్యాంకాక్ టికెట్లు క్యాన్సిల్ చేశారు, ఎయిర్‌లైన్ ఏదో చిల్లర వెనక్కి ఇచ్చింది, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా ఏజెంటేమో "అవి రావు సార్, వదిలేయండి" అంటున్నాడు. ఇదే కదండీ మీ సమస్య? అప్పుడే వదిలేయకండి. మాకు వచ్చాయి. కాకపోతే నాలుగు నెలలు పట్టింది, అందులో సగం ఆలస్యం మా అజాగ్రత్త వల్లే.

మేం వేసవి సెలవులకు సింగపూర్ అనుకున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు. టికెట్లకు మొత్తం 1,12,000. ఇంకో ఐదు రోజుల్లో ప్రయాణం అనగా హైదరాబాద్ సఫిల్‌గూడ ఇంట్లో మామయ్యగారు బాత్రూంలో సబ్బు నీళ్ళ మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, మర్నాడే ఆపరేషన్. ఆ రాత్రే మావారు హాస్పిటల్ మెట్ల మీద కూర్చుని టికెట్లు క్యాన్సిల్ చేశారు. అది మంచిదైంది. విమానం వెళ్ళిపోయి 'నో షో' (చెప్పకుండా ప్రయాణానికి రాలేదని) పడితే ఇంకో తలనొప్పి అయ్యేది.

అసలు తప్పు క్యాజువాలిటీలో జరిగింది. అత్తయ్యగారు కంగారులో డ్యూటీ డాక్టర్‌తో "పదేళ్ళ నుంచి బీపీ మాత్రలు వేసుకుంటారు బాబూ, కళ్ళు తిరిగి పడ్డారేమో" అన్నారు. ఆయన పడినప్పుడు ఆవిడ వంటింట్లో ఉన్నారు, చూడనే లేదు. ఆ అబ్బాయి రాసుకున్నాడు. ఆ 'కళ్ళు తిరిగి' కేస్ షీట్‌లోంచి నేరుగా డిశ్చార్జ్ సమ్మరీలోకి దిగింది. బిల్లు కట్టే హడావుడిలో మేం ఎవరం చదవలేదు. ఆరు వారాల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: ముందు నుంచీ ఉన్న జబ్బు వల్ల జరిగింది, పాలసీలో మినహాయింపు ఉంది, క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం అని. మామయ్యగారికి చదివి వినిపిస్తే "కళ్ళు తిరగడమేంటి! ఆ నున్నటి టైల్స్ వద్దని నేను అప్పుడే చెప్పాను" అని మా అందరికీ అక్షింతలు వేశారు.

ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్‌ను ఓపీలో కలిశాం. ఆయన మామయ్యగారినే అడిగి, చేరిన రోజు బీపీ రీడింగ్ మామూలుగానే ఉందని చూసుకుని, "తడి నేల మీద జారి పడ్డారు, స్పృహ తప్పలేదు" అని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేసి ఇచ్చారు. జరగనిది రాయించమని చెప్పడం లేదండీ. జరిగింది సరిగ్గా రాశారో లేదో చూసుకోమంటున్నాను. మీ అత్తగారికి పాత జబ్బేదైనా ఉండి, అదే ముదిరి చేర్చాల్సి వచ్చి ఉంటే మాత్రం చాలా పాలసీల్లో రాదు.

రెండో కాగితం ఎయిర్‌లైన్‌ది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చేది ఎయిర్‌లైన్ వెనక్కి ఇవ్వని సొమ్ము మాత్రమే. కాబట్టి ఒక్కో టికెట్‌కు బేస్ ఫేర్ ఎంత, పన్నులు ఎంత, ఎంత కోసుకున్నారు, ఎంత వాపసు ఇచ్చారు అనే లెక్క ఎయిర్‌లైన్ పేరు మీద రావాలి. మేం ఏజెంట్ వాట్సాప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్ పంపి మూడు వారాలు పోగొట్టుకున్నాం. పీఎన్ఆర్ (టికెట్ బుకింగ్ నంబర్) పెట్టి నేరుగా ఎయిర్‌లైన్‌కే మెయిల్ చేయండి. ఆ లెక్క వచ్చాక పన్నుల దగ్గర ఒకసారి ఆగి చూడండి. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ రూల్ ప్రకారం మన దేశపు ఎయిర్‌లైన్లు 'నాన్ రిఫండబుల్' టికెట్ మీద కూడా పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు (ఎయిర్‌పోర్ట్ వసూలు చేసే రుసుము) తిరిగి ఇవ్వాలి. విదేశీ ఎయిర్‌లైన్ అయితే వాళ్ళ దేశపు రూల్స్ వర్తిస్తాయి. డబ్బు బదులు క్రెడిట్ షెల్ (తర్వాతి టికెట్లకు వాడుకునే జమ) ఇస్తామంటే తీసుకోవడం, మానడం మీ ఇష్టం. తీసుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు దాన్ని వాపసు కిందే లెక్కేసే అవకాశం ఉంది.

మిగతా కాగితాలు మామూలే: క్లెయిమ్ ఫారం, పాలసీ, టికెట్లు, డబ్బు కట్టిన స్టేట్‌మెంట్, క్యాన్సిల్డ్ చెక్, బంధుత్వం చూపే ఆధార్ లాంటిది. బంధుత్వం అంటే గుర్తొచ్చింది, పాలసీలో 'దగ్గరి కుటుంబం' అంటే ఎవరెవరో రాసి ఉంటుంది. మీ భార్యకు సొంత తల్లి కాబట్టి ఆమె టికెట్‌తో ఇబ్బంది ఉండకపోవచ్చు. మీ టికెట్‌కు అందులో అత్తమామలు ఉన్నారో లేదో చూడండి. పిల్లలకు తాతయ్య దగ్గరి కుటుంబమేనా అని మాతో ఒక వారం మెయిళ్ళ మీద మెయిళ్ళు నడిపారు! తల్లీతండ్రీ లేకుండా చిన్నపిల్లలు ఒంటరిగా సింగపూర్ వెళ్తారా అని అడిగాక ఒప్పుకున్నారు.

డాక్టర్ లెటర్ జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాం, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాం. ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉన్నా అక్కడికి పోయి నిలబడాల్సిన పని పడలేదు. దానికీ కంపెనీ లొంగకపోతే లక్డీకాపూల్ దగ్గర బీమా అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) ఆఫీసుకు వెళ్దామనుకున్నాం. అక్కడ ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాదిలోపు వెళ్ళాలి. మాకు అంతదాకా రాలేదు.

ఎయిర్‌లైన్ ఇచ్చింది 18,600. మిగిలిన 93,400లో ఏజెంట్ సర్వీస్ చార్జీ 1,600, తలా వెయ్యి చొప్పున డిడక్టబుల్ (పాలసీ ప్రకారం మనమే భరించాల్సిన మొత్తం) 4,000 పోగా 87,800 అకౌంట్‌లో పడింది. సింగపూర్ ఇంకా వెళ్ళలేదు. ముందు బాత్రూంలో టైల్స్ పీకించి గరుకువి వేయించాం. ఈసారి రంగు దగ్గర నుంచి అన్నీ మామయ్యగారే ఎంచారు.