ఆ ‘నేనైతే...’ తర్వాత ఏముంది?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పెళ్లయి 23 ఏళ్లయింది. పిల్లలు పై చదువులకి వెళ్లిపోయాక మళ్లీ పుస్తకాలు పట్టుకున్నాను. ఆరు నెలల్లో నవలలు, ఆత్మకథలు కలిపి 11 చదివాను. ఒక్కో పుస్తకం అయిపోగానే ఏమనిపించిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నెల క్రితం మావారు నాకు చెప్పకుండా అది చదివారు. టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరేనినా’లో భర్త గురించి ‘ఇతను మనిషి కాదు, రాయి’ అని రాశాను. ‘నిర్జన వారధి’ గురించి ‘ఎంత ఓర్పు! నేనైతే...’ అని రాసి ఆపేశాను. ‘ఇవన్నీ నా గురించేనా? నువ్వైతే ఏం చేసేదానివి?’ అని అడిగారు. ‘పుస్తకం గురించి రాసుకుంటే మీకెందుకు తగిలింది?’ అన్నాను. అప్పటినుంచి ఆయన అవసరమైతే తప్ప మాట్లాడటం లేదు. నా అభిప్రాయాలు కూడా నావి కాకూడదా? అలాగని ఆయన అన్నది పూర్తిగా తప్పని చెప్పలేకపోతున్నాను. చదవడం మానేయాలా?

జవాబు: మానకండి. ఆ ఒక్క టెన్షన్ ముందు తీసేసుకోండి. ఇన్నేళ్ల తర్వాత ఆరు నెలల్లో 11 పుస్తకాలు చదివారంటే ఆ ఆకలి ఎంతకాలంగా ఉందో అర్థమవుతోంది. దాన్ని మళ్లీ అణిచేసుకుంటే ఇంట్లో కొన్నాళ్లు ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ కోపం కూడా చివరికి ఆయన మీదికే వెళ్తుంది.

అడక్కుండా మీ నోట్‌బుక్ చదవడం ఆయన తప్పు. ఆ మాట ఆయనతో చెప్పాలి కూడా. అయితే మిగతా సంగతి మాట్లాడే రోజున మాత్రం దీన్ని ఎత్తకండి. రెండూ కలిపితే గొడవంతా నోట్‌బుక్ ఎవరు తెరిచారన్న దాని చుట్టూ తిరుగుతుంది, లోపల రాసింది పక్కకి పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివర్లో రాసిన మాట: ‘ఆయన అన్నది పూర్తిగా తప్పని చెప్పలేకపోతున్నాను.’ నాకు రాయగలిగిన ఈ మాట ఆయనకి చెప్పలేకపోయారు. దాని బదులు ‘మీకెందుకు తగిలింది?’ అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని ఆయన మొహం మీదే అన్నట్టయింది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ నెల రోజుల మౌనం నాకు కోపంలా కనిపించడం లేదు. జవాబు కోసం ఎదురుచూస్తూ, అదేమిటో వినడానికి భయపడుతున్న మనిషి మౌనంలా ఉంది.

చదివిన పుస్తకం మీద అభిప్రాయం పుస్తకం గురించే ఉంటుందా, మన గురించి ఉంటుందా? రెండూ ఉంటాయి. అన్నా భర్త కరేనిన్‌ని చూసి మీకు రాయి గుర్తొచ్చింది. ఆ నవలలో అతని చల్లదనం, లెక్క ప్రకారం బతకడం, పరువు పట్టింపు చాలా పేజీల్లో ఉన్నాయి కాబట్టి ఆ అభిప్రాయం తప్పు కాదు. కానీ అదే నవల నాలుగో భాగంలో, ప్రసవం తర్వాత అన్నా చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఆ రాయే ఆమె మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు, ఆమెని క్షమిస్తాడు. ఆ తర్వాత కూడా ఆమె అతనితో ఉండలేకపోతుంది. దానికి టాల్‌స్టాయ్ ఇద్దరిలో ఎవరినీ దుర్మార్గులని చేయలేదు. మీ నోట్‌బుక్‌లో ఆ ఏడుపు ఊసు ఉందో లేదో చూసుకుంటే మీకే తెలుస్తుంది. కళ్లు దాని మీదుగా వెళ్లిపోయి ఉంటే, ఎందుకు ఆగలేదో ఒకసారి ఆలోచించండి.

ఆత్మకథ సంగతి వేరు. నవలాకారుడు భార్య మనసులోకీ వెళ్లగలడు, భర్త మనసులోకీ వెళ్లగలడు. ఆత్మకథ రాసేవాళ్లకి ఉన్నది ఒక్క మనసే, తమది. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన, భర్త వదిలి వెళ్లిపోయిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకి తొంభై దాటాయి. ఆమె భర్త 2002లోనే చనిపోయారు. ఆమె మోసింది మామూలు కష్టం కాదు, ఆ పుస్తకం చదివి మీ గుండె బరువెక్కిందంటే చదవాల్సినట్టే చదివారు. కానీ ఒక తేడా గమనించండి. ఆమె జీవితమంతా గడిచాక వెనక్కి తిరిగి రాశారు. మీరు ఇంకా మధ్యలోనే ఉన్నారు. మీ కథలో రెండో మనిషి పక్క గదిలోనే ఉన్నాడు, నోరు తెరిచి ప్రశ్న కూడా అడిగాడు. ఆ పుస్తకం వచ్చేనాటికి ఆ అవకాశం ఆమెకి లేదు.

ఇప్పుడు ఆ మూడు చుక్కల దగ్గరికి వద్దాం. ‘నేనైతే’ తర్వాత కలం ఎందుకు ఆగింది? ‘నేనైతే ఎప్పుడో వెళ్లిపోయేదాన్ని’ అనా? ‘నేనైతే అంత తట్టుకోలేను’ అనా? ‘నేనైతే అడిగేసేదాన్ని’ అనా? ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ఆయన ఈ నెలంతా మొదటిదే ఊహించుకుని ఉంటారు. ఆయన్ని పక్కన పెట్టండి, ముందు మీకు తెలియాలి కదా.

1986లో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ ఒక ప్రయోగం ప్రచురించారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని బాగా కలచివేసిన విషయం గురించి ఆపకుండా రాయడం. తర్వాత ఎందరో కౌన్సెలర్లు దీన్ని వాడుతున్నారు, నేనూ వాడతాను. మీరు ‘నేనైతే’ అన్న మాటతోనే మొదలుపెట్టండి. నోట్‌బుక్‌లో వద్దు, విడి కాగితాల మీద. దస్తూరీ, తప్పులు పట్టించుకోవద్దు. మొదటి రోజు కోపం వస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో దాని కింద ఉన్నది వస్తుంది. రాశాక చింపేసినా ఫర్వాలేదు. రాస్తుంటే మరీ భారమైతే ఆపేయండి.

మీ ఉత్తరంలో కొట్టడం, బెదిరించడం, భయం లాంటి మాటలు ఎక్కడా లేవు. అవి ఉండి రాయకపోయి ఉంటే మాత్రం ఈ సలహా మీకు కాదు, మళ్లీ నాకు రాయండి, అప్పుడు చెప్పాల్సింది వేరే ఉంటుంది.

లేవనుకునే మిగతాది చెబుతున్నాను. ఐదో రోజున ఆయనతో మాట్లాడండి. మొదటి వాక్యం ఇలా ఉండొచ్చు: ‘ఆ రోజు మీరు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. కొంత మీ గురించే. ఎంతవరకో నాకు అప్పుడు తెలియలేదు.’ తర్వాత రాయి అన్న మాటకి బదులు ఒక్క సంఘటన చెప్పండి, ఏదో ఒక సాయంత్రం, మీరు ఏం చెప్పబోతే ఆయన వినకుండా లేచిపోయారో. ‘మీరు ఎప్పుడూ ఇంతే’ అంటే ఆయన వాదిస్తారు. ఆ సాయంత్రం గురించి చెబితే గుర్తు చేసుకుంటారు. నాలుగు రోజుల రాతలో వెళ్లిపోవాలన్న మాటే గట్టిగా వచ్చి ఉంటే దాన్ని దాచి సర్దిచెప్పకండి. ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి అక్కడ చెప్పండి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మనస్తత్వవేత్త రొనాల్డ్ రోగ్ బృందం 2013లో అమెరికాలో 174 జంటల మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. అందులో కొన్ని జంటలు నెల రోజుల్లో ఐదు సినిమాలు కలిసి చూసి, అందులోని దంపతులు ఎలా పోట్లాడుకున్నారు, ఎలా క్షమాపణ అడిగారు, మనం అలాగే ఉన్నామా అని మాట్లాడుకున్నాయి. మూడేళ్లలో విడిపోయిన వాళ్లు, ఏమీ చేయని జంటల్లో 24 శాతం ఉంటే వీళ్లలో 11 శాతమే. వాళ్లంతా కొత్తగా పెళ్లయినవాళ్లు, మీకు 23 ఏళ్లయింది, అంకెలు మీకు సరిపోతాయని చెప్పను. కానీ సూటిగా మాట్లాడలేనిది ఇంకొకరి కథని మధ్యలో పెట్టుకుని మాట్లాడగలగడం నేను ఎందరి విషయంలోనో చూశాను. ఇన్నాళ్లూ మీరు ఆ కథని ఒక్కరే చదివారు, ఆయన మీ తీర్పు మాత్రమే చదివారు.

కాబట్టి ఆయనకి మొత్తం నవల ఇవ్వకండి, అంత లావు పుస్తకం చూస్తే బెదిరిపోతారు. నాలుగో భాగంలో ఆ మంచం పక్కన ఏడ్చే అధ్యాయం ఒక్కటి ఇవ్వండి. కొద్ది పేజీలే. చదివాక ముందు ఆయన్నే చెప్పనివ్వండి, కరేనిన్ గురించి మీరేమనుకున్నారో ఆయనకి ఎలాగూ తెలుసు.