వాన్ గో ఆయిల్ పెయింటింగ్ ‘ఆలుగడ్డలు తినేవాళ్ళు’ నకలు వేస్తుంటే అంతా నల్లముద్ద అయిపోతోంది, ఏం చేయాలి?

నీడలకి ఐవరీ బ్లాక్, ఆడవాళ్ళ టోపీలకి టైటానియం వైట్ వాడానని, ముఖాలు బొగ్గులా, టోపీలు సుద్దముక్కల్లా వచ్చాయని రాశారు. తప్పు మీ చేతిది కాదు, ఆ రెండు ట్యూబులది. ముందు వాటిని పక్కన పెట్టేయండి.

ఆ టోపీల తెలుపు అసలు తెలుపే కాదు, ముదురు బూడిదరంగు. వెర్మిలియన్, పారిస్ బ్లూ, నేపుల్స్ యెల్లో లాంటివి కలిపి చేశానని వాన్ గో తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలోనే ఉంది. వెర్మిలియన్‌లో పాదరసం ఉంటుంది, బదులుగా కాడ్మియం రెడ్ లైట్ చాలు. పారిస్ బ్లూ అంటే ప్రష్యన్ బ్లూయే అనుకోండి. నేపుల్స్ యెల్లో 8 పాళ్ళు, ఎరుపు 1 పాలు తీసుకుని, నీలం మాత్రం రంగులు కలిపే నైఫ్ మొనకి అంటినంతే కలుపుతూ వెళ్ళండి. ప్రష్యన్ బ్లూ మహా ఘాటు, రవ్వంత ఎక్కువైనా ముద్దంతా ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు ఎరుపు చుక్క వేయాలి, తెలుపు కాదు. ఈ రంగు తెల్లకాగితం మీద రాస్తే అంట్లు తోమిన బూడిదలా ఉంటుంది. అదే ఆరిన అంబర్ (ముదురు మట్టి గోధుమరంగు) మీద రాసి చూడండి, ఉతికి ఆరేసిన బట్టలా వెలుగుతుంది.

అందుకే తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకూడదు. రా అంబర్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపి, టర్పెంటైన్‌తో పల్చగా చేసి, కాన్వాస్ అంతా పూసి గుడ్డతో తుడిచేయండి. రెండు రోజులు ఆరనివ్వాలి. అసలు బొమ్మ 82 × 114 సెంటీమీటర్లు. సగం సైజు, అంటే 41 × 57, నేర్చుకోవడానికి సరిపోతుంది. అంతకంటే చిన్నదైతే చేతుల కణుపులు దొరకవు, ఈ బొమ్మకి ప్రాణం ఆ చేతులే.

ముఖాల దగ్గర ఆయన కూడా తడబడ్డాడు. ముందు యెల్లో ఓకర్, రెడ్ ఓకర్ (పసుపు, ఎరుపు మట్టి రంగులు), తెలుపుతో వేస్తే మరీ పాలిపోయాయని మళ్ళీ వేశాడు, తొక్క తీయని మట్టి ఆలుగడ్డ రంగులో. ఇది ఉపమానం అనుకోకండి, రెసిపీ. కడగని ఆలుగడ్డ ఒకటి పసుపు బల్బు కింద పెట్టి, దాన్ని చూస్తూ రంగు కలపండి. దీపం వైపు తిరిగిన బుగ్గకి ఓకర్ పెంచండి, అవతలి వైపు నీలం. మనకి వీపు చూపిస్తూ కూర్చున్న పిల్లని ఆఖరికి ఉంచుకోండి. వేడి ఆలుగడ్డల ఆవిరి వెనక వెలిగితేనే ఆ పిల్ల ఆకారం విడిపడి కనిపిస్తుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇంకో చోట. అంబర్ నూనెని బాగా పీల్చుకుంటుంది. వారం తిరిగేసరికి నీడలు పొడిబారి, వెలిసిపోయినట్టు అవుతాయి. రంగు తప్పిందనుకుని పైన మళ్ళీ ముదురు రంగు రాస్తారు, అలా రెండు మూడుసార్లయ్యాక మిగిలేది మీరన్న నల్లముద్దే. రంగు తాకి చూస్తే అంటకుండా ఉన్నాక, లిన్సీడ్ (అవిసె) నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి మెత్తటి గుడ్డతో పల్చగా రుద్ది, మిగులు తుడిచేయండి. అసలు రంగు తిరిగొస్తుంది. ఆ గుడ్డని ఉండచుట్టి పడేయకండి, లిన్సీడ్ తడి దానంతటదే అంటుకోగలదు. నీళ్ళలో ముంచాకే పారేయండి.

మీరు చూసి వేస్తున్న ఫొటోలో కాఫీ వంపే ముసలావిడ ఎడమవైపు ఉందా? అయితే అది ఈ పెయింటింగ్ కాదు, ఆయనే చేసిన లిథోగ్రాఫ్, అంటే రాయి మీద గీసి కాగితం మీద తీసిన అచ్చు. రాయి మీద నేరుగా గీయడంతో అచ్చులో తిరగబడింది. పెయింటింగ్‌లో ఆవిడ కుడివైపే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం సైట్‌లో పెద్ద సైజు ఫొటో ఉంది, దాన్ని వాడండి.

ఫ్రేమ్ నల్లది వద్దు. బంగారు రంగు గానీ, వెనక పండిన చేను రంగు గోడ గానీ ఉండాలని ఆయనే కోరాడు. నీడల్లోని నీలం పక్కన పసుపు ఉంటేనే తేలుతుంది.