ఆవు చేపడం లేదు, సూది వేయించమంటారా?

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గర పల్లె. నాలుగు జెర్సీ ఆవులున్నాయి. ఒకటి నెల కిందట ఈనింది, కోడెదూడ మూడో రోజే చచ్చిపోయింది. అప్పట్నించి ఆవు సరిగా చేపడం లేదు, అంటే పొదుగులోకి పాలు వదలడం లేదు, తంతా ఉంది, పూటకి ఏడు లీటర్లిచ్చేది మూడు కూడా ఇవ్వడంలే. పాలు పిండే ఆయన సూది వేస్తే వదిలేస్తుంది అంటాడు. వేయించమంటారా? ఫోటో పంపినా చూడండి.

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు. ఆయన చెప్పేది ఆక్సిటోసిన్. దూడ మూతితో పొదుగు కుమ్మినప్పుడు ఆవు మెదడే వదిలే హార్మోను అది, భయమో నొప్పో ఉంటే దాని పని ఆగిపోతుంది, అందుకే చేపదు. రోజూ సూదికి అలవాటు పడితే ఇంక సూది లేనిదే చేపదు. పాలకోసం ఆవు ఒంటికి చెరుపు చేసే సూది వేస్తే 1960 జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, ఆవునీ తీసేసుకుంటారు.

తంతా ఉందంటే ఎక్కడో నొప్పి ఉందేమో చూడండి. పిండే ముందు నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండండి, విరిగినట్టు పలుకులు కనిపించినా, పొదుగు గట్టిగా వేడిగా ఉన్నా అది పొదుగువాపు, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోతే గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒక నిమిషం మెల్లగా నిమిరి, చేపిన వెంటనే ఏడెనిమిది నిమిషాల్లో పిండేయండి, రోజూ ఒకే మనిషి, అరుపులు కర్రలు లేకుండా.

మీ ఫోటో చూసి మనసు పాడైందమ్మా. కట్టేసిన పలుపుతాడు మూరెడు కూడా లేదు, కింద సిమెంటు, ముందుకాళ్ల మోకాళ్ల దగ్గర వెంట్రుకలూడి తోలు నున్నగా అయిపోయింది. ఆవు రోజుకి పది పన్నెండు గంటలు పడుకోవాలి, అది పడుకునేదెట్లా? పలుపు పొడుగు చేసి కింద ఇసుకన్నా పోయండి. రేకుల మీద చెరుకాకు కప్పండి, తొట్టిలో నీళ్లు రాత్రి కూడా ఉండాలి, ఎండాకాలం ఒక్క ఆవే 80 లీటర్లు పైన తాగుతుంది. మధ్యాహ్నం డొక్క చూస్తా ఊపిరి లెక్కపెట్టండి, నిమిషానికి 60 దాటితే ఎండదెబ్బే.

చచ్చిపోయిన దూడకి జున్నుపాలు ఎన్ని తాగించారో రాయలేదు. కోడె కదా అని మనవైపు చాలామంది ఆ పాలు పంచేస్తారు. ఇంకో ఆవు ఈనినప్పుడు ఏ దూడ పుట్టినా గంటలోపు తాగించడం మొదలుపెట్టండి, 25 కేజీల దూడకి మొదటిరోజు రెండున్నర లీటర్లు, మీ ఇంట్లోవాళ్లకి జున్ను ఆ తర్వాతే.