పళ్లొస్తున్నాయి, రాత్రంతా ఏడుపే!

ప్రశ్న: మా పాపకి ఏడో నెల. కింది చిగురు ఉబ్బింది, చొంగ ఆగట్లేదు, రాత్రిళ్లు ఒకటే ఏడుపు. అత్తయ్య తేనె రాయమంటున్నారు, పక్కింటావిడ ఏదో జెల్ చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: తేనె మాత్రం వద్దమ్మా. ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా అందులో ఉండొచ్చు, అంత చిన్న పేగులు దాన్ని తట్టుకోలేవు. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి, ఇంట్లో గొడవ ఉండదు. తిమ్మిరెక్కించే జెల్స్ కూడా వద్దు. బెంజొకైన్ ఉన్నవైతే రెండేళ్లలోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోసే శక్తినే దెబ్బతీయొచ్చు.

చేతులు సబ్బుతో కడుక్కుని వేలితో చిగురు మీద మెల్లగా రుద్దండి, లేదా శుభ్రమైన గుడ్డ తడిపి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి (ఫ్రీజర్‌లో కాదు, గడ్డకట్టినది చిగురుకి గాయం చేస్తుంది) మీరు పక్కనే ఉండి నమలనివ్వండి. చొంగ ఎప్పటికప్పుడు అద్దుతూ ఉండండి, లేకపోతే గడ్డం కింద ఎర్రగా పొక్కుతుంది. పళ్ల కోసమని అమ్మే పూసల దండలు మెడలో వేయొద్దు.

జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, విరేచనాలైనా 'పళ్లొస్తున్నాయిలే' అని ఊరుకోకండి, కారణం వేరే ఉంటుంది, డాక్టరుకి చూపించండి. పారాసిటమాల్ కూడా పాప బరువును బట్టి ఆయన చెప్పిన మోతాదే.