దమ్ము తిరిగొచ్చిన ఏడాది

"ఈ ఏడాది మీ పరుగు ఎలా సాగింది? వచ్చే ఏడాది ఏం చేయాలనుకుంటున్నారు? నలభై దాటాక మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. నాకు నలభై ఒకటి. ఈ జనవరిలోనే మొదలుపెట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది హనుమకొండ. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తాను. పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ, అంతకుముందు ఇంట్లో వంట, బాక్సులు. కాబట్టి నాకు దొరికేది ఐదింటి నుంచి ఆరింటి వరకు ఒక గంట. ల్యాబ్‌లో పక్కన పడేసిన పాత రిజిస్టర్ ఒకటి తెచ్చుకుని, పరిగెత్తిన ప్రతి రోజూ అందులో రాసుకున్నాను. నిన్న రాత్రి కూర్చుని లెక్క చూస్తే 137 రోజులు, 618 కిలోమీటర్లు వచ్చింది. జనవరిలో బస్టాపు దాకా ఉరికితే ఆయాసం వచ్చేది నాకు. ఆ అంకె రెండుసార్లు కూడి చూసుకున్నాను.

మొదట్లో భద్రకాళి చెరువు బండ్ (కట్ట) మీదికి వెళ్లేదాన్ని. పూడిక తీయడానికి 2024 నవంబర్‌లో చెరువు నీళ్లు వదిలేశారు కదా, ఆ బురద గాలి నాకు పడలేదు. అందుకని జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియానికి మారాను. మా స్టేడియం గురించి బయటివాళ్లకు తెలియకపోవచ్చు, అందుకే చెప్తున్నాను. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే జరిగాయి. ఈ ట్రాక్ మీదే పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పరిగెత్తి, 2002 నుంచి సునీతా రాణి పేరు మీద ఉన్న జాతీయ రికార్డును దాటింది. ఆ ట్రాక్ మీద మొదటిసారి కాలు పెట్టిన రోజు ఒంగి చేత్తో తాకి చూశాను. గరుకుగా, కొంచెం మెత్తగా ఉంది.

పొద్దున అక్కడ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే పరుగు లాంటి శారీరక పరీక్షలకు, ప్రిపేర్ అయ్యే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకు అడ్డం రాకూడదని నేను చిట్టచివరి లైనులో, అంటే ఎనిమిదో లైనులో, పరిగెత్తేదాన్ని. రౌండుకు 400 మీటర్లు, పన్నెండున్నర రౌండ్లయితే ఐదు కిలోమీటర్లు. నా లెక్క అంతే. మార్చిలో మొదటిసారి ఆగకుండా పన్నెండున్నర రౌండ్లు పూర్తి చేసి కూర్చుంటే, పర్వతగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి పక్కకొచ్చి, "అక్కా, మీరు పెట్టేది పెద్ద రౌండు, తెలుసా?" అంది. 400 అనేది లోపలి లైను కొలత అట. బయటికి జరిగే కొద్దీ లైనుకు ఏడున్నర మీటర్ల పైన పెరుగుతుంది. ఎనిమిదో లైనుకు వచ్చేసరికి రౌండు 453 మీటర్లు దాటుతుంది. అంటే ఆ రోజు నేను పరిగెత్తింది ఐదు కాదు, 5.6 కిలోమీటర్ల పైనే. నాకు తెలియకుండానే అంత దూరం వచ్చానన్నమాట. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ అమ్మాయే నాకు గురువు అయింది. గత కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని ఉంది. తను దానికంటే చాలా ముందే ముగిస్తుంది. నా పరుగు నాలుగు రోజులు చూసి, "మొదటి రౌండే అంత గట్టిగ ఉరికితే తర్వాత దమ్ముంటదా అక్కా? మాట్లాడుకుంట ఉరుకు. మాట ఆగిందంటే స్పీడు ఎక్కువైనట్టే" అంది. యూట్యూబ్‌లో ఎన్నో వీడియోలు చూశాను కానీ, నాకు పనికొచ్చింది ఈ ఒక్క మాటే. పక్కన మనిషి లేనప్పుడు నేను లోపల్లోపలే బతుకమ్మ పాట పాడుకుంటూ పరిగెత్తుతాను. పాట తెగితే నెమ్మదిస్తాను. గడియారం అక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నా రిజిస్టర్‌లో మే, జూన్, జూలై పేజీలు దాదాపు ఖాళీగా ఉన్నాయి.

ఏప్రిల్ మధ్య నుంచే తేడా తెలుస్తోంది. మార్చిలో పన్నెండు రౌండ్లు పెట్టినదాన్ని, ఏప్రిల్ చివరికి నాలుగో రౌండుకే కాళ్లు బరువెక్కిపోయేవి. ఎండల వల్లేమో అనుకున్నాను. మా దగ్గర ఏప్రిల్లో తెల్లవారుజామున కూడా ఉక్కగానే ఉంటుంది. ఓఆర్ఎస్ తాగాను. (ఒక మాట. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో కలిపి తాగేవాళ్లను నేను చాలామందిని చూశాను, అలా చేయకండి.) అయినా మార్పు లేదు. ల్యాబ్ రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కి రాగానే గుండె దడదడ కొట్టుకునేది, చెవుల్లో ఆ చప్పుడు వినిపించేది. ఒకచోట చూపించుకుంటే, ఏ పరీక్షా రాయకుండా "ఈ వయసులో పరుగులెందుకమ్మా, నడవండి చాలు" అని పంపించేశారు. మా అమ్మ కూడా "నడిస్తే సాలదా బిడ్డా, ఉరుకుడెందుకు?" అంది. అమ్మ ప్రేమతో అన్నది, దానికి బాధ లేదు. పరీక్ష కూడా చేయకుండా వయసు మీదికి నెట్టేసిన మాటకే బాధేసింది. మూడు వారాలు బూట్లు బయటికి తీయలేదు.

ఒక రోజు మధ్యాహ్నం మా ల్యాబ్‌కు నా వయసు ఆవిడ ఒకరు వచ్చారు. రక్తం తీస్తుంటే "మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, అంతే, ఇంకేం లేదు" అన్నారు. ఆవిడ హిమోగ్లోబిన్ 8.6. ఆ రిపోర్టు ప్రింట్ తీస్తూ ఉంటే ఆవిడ చెప్పిన లక్షణాలన్నీ నావే కదా అనిపించింది. పన్నెండేళ్లుగా రోజూ ముప్పై నలభై మంది రక్తం తీస్తున్నాను, నాది ఎప్పుడు చూసుకున్నానో గుర్తు రాలేదు. ఆ సాయంత్రం మా కొలీగ్‌తో నా రక్తం తీయించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.4. ఫెరిటిన్, అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్‌ను చూపే పరీక్ష, 7 వచ్చింది. గర్భంతో లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫెరిటిన్ 15 కంటే తగ్గితే నిల్వలు లేనట్టే. నా ఒంట్లో ఐరన్ అడుగంటిపోయింది.

ఊపిరితిత్తులు ఎంత గాలి పీల్చినా, ఆ ఆక్సిజన్‌ను కండరాల దాకా మోసుకెళ్లేది రక్తంలోని హిమోగ్లోబినే. మోసేవాళ్లు తక్కువైతే గుండె రక్తాన్ని ఎక్కువసార్లు తిప్పాలి. నాకు మెట్ల దగ్గర వినిపించిన చప్పుడు అదే.

తర్వాత ఒక గైనకాలజిస్టును కలిశాను. రెండేళ్లుగా నెలసరి ఎక్కువగా అవుతోంది, దాన్ని నేనెవరికీ చెప్పలేదు. ఆవిడ ఓపిగ్గా అడిగి చెప్పించారు. స్కాన్ తీసి, దానికి వేరే మందు, దాంతో పాటు ఐరన్ మాత్రలు రాశారు. మాత్ర వేసుకోవడంలో ఉన్న పద్ధతి కూడా చెప్పారు. టీతో వేసుకోకూడదు, టీ తాగడానికి గంటా రెండు గంటల తేడా ఉండాలి. నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. నాకు అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉండేది. ఆ ఒక్క అలవాటు మానుకోవడం మాత్రలు మింగడం కంటే కష్టమైంది. తోటకూర, గంగవాయిలి కూర పప్పు, వారానికి రెండుసార్లు మేక కార్జం తినడం పెంచాను. కానీ అంత తక్కువకు పడిపోయాక కూరలతో మాత్రమే లేవదు, మాత్రలు వేసుకోవాల్సిందే అని ఆవిడ స్పష్టంగా చెప్పారు.

జూన్ చివర్లో 10.8. ఆగస్టు రెండో వారంలో 12.3. ఆ రెండు రిపోర్టులు రిజిస్టర్‌లో అంటించి పెట్టుకున్నాను. ఆగస్టులోనే మళ్లీ బూట్లు బయటికి తీశాను. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, జనవరిలో లాగే మొదటి నుంచి. కానీ ఈసారి ప్రతి వారం పోయిన వారం కంటే తేలిగ్గా ఉండేది. ఊపిరి తిరిగొస్తుంటే మనిషికి తెలుస్తుంది. ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు, చల్లటి నీళ్లు తాగినప్పుడు గొంతులో దిగుతున్నట్టు తెలుస్తుంది కదా, అలా.

సద్దుల బతుకమ్మకు ముందు రోజు హసన్‌పర్తి వైపు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పరిగెత్తాను. వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఆగి గునుగు, తంగేడు కోసుకుని చున్నీలో మూట కట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చాను. మా అమ్మ ఆ పూలు చూసి పరుగు గురించి ఏమీ అనలేదు. గునుగు కొసలకు రంగు అద్దుతూ "రేపు కూడ పోతవా?" అని అడిగింది. అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు మా ఊరంతా నీళ్లపాలైంది. కాలనీల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి, చాలా ఇళ్లలో బియ్యం, బట్టలు అన్నీ తడిసిపోయాయి. ఆ పది రోజులు పరుగు ఊసే లేదు.

డిసెంబర్ 14, ఆదివారం. ఎనిమిదో లైనులో 22 రౌండ్లు, పైన ఇంకో ముప్పై నాలుగు మీటర్లు పరిగెత్తితే పది కిలోమీటర్లు అని ఆ అమ్మాయి లెక్క కట్టి పెట్టింది. రౌండ్లు మరిచిపోకుండా మెట్టు మీద 22 చింతగింజలు వరసగా పేర్చింది. నేను ఒక్కో రౌండు దాటగానే ఒక్కో గింజను పక్కన పెడుతూ కూర్చుంది, తన ప్రాక్టీస్ అయిపోయినా వెళ్లలేదు. పదిహేనో రౌండు తర్వాత గింజల వైపు చూడటం మానేశాను. చివరి గింజ తను చేతిలోకి తీసుకుని లేచి నిలబడింది, అప్పుడే తెలిసింది. గంటా 24 నిమిషాలు పట్టింది. మాట తెగకుండా, నడవకుండా. ఆ గింజ నాకే ఇచ్చింది.

ఆ అమ్మాయి ఫోను వెనక దీప్తి జీవాంజి ఫొటో ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్లకు జరిగే పారా పోటీల్లో పరిగెత్తే దీప్తిది పర్వతగిరి మండలం కల్లెడ. 2024లో కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో, తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. నాకు 400 మీటర్లకు మూడు నిమిషాల పైన పడుతుంది. పోల్చడానికి చెప్పడం లేదు. మా పల్లెల నుంచి అంత దూరం వెళ్లిన మనిషి ఉందంటే, ఐదింటికి అలారం మోగినప్పుడు లేవడం నాకు కొంచెం సులువవుతుంది.

వచ్చే ఏడాది సంగతి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, మూడు గంటల్లోపు పూర్తి చేయాలని ఉంది. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ, ఎక్కుడు దిగుడు తప్పదు. ట్రాక్ మీద అది అలవాటు కాదు. అందుకని ఆదివారాలు కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద తెల్లవారకముందే నాలుగైదుసార్లు ఎక్కి దిగుతున్నాను. దూరం మెల్లగా పెంచుతాను, తొందర లేదు. పిక్కల ముందు ఎముక వెంట నొప్పి వస్తే రెండు రోజులు ఆపేస్తాను, లాక్కురాను. మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ రెండూ చూసుకుంటాను.

ఇంకో ఆశ ఉంది, నాకు హాఫ్ కంటే ఇదే ముఖ్యం. సెప్టెంబర్‌లో మా వదినకు బలవంతంగా పరీక్ష చేయిస్తే 8.8 వచ్చింది. ఇప్పుడు 11 దాటింది, నాతో పాటు స్టేడియానికి నడకకు వస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే సగం మంది కంటే ఎక్కువ. వాళ్లలో చాలామంది "నీరసం, వయసు" అనుకుని ఊరుకుంటున్నారు. వచ్చే ఏడాది మా కాలనీలో కనీసం పది మందికి పరీక్ష చేయించాలని అనుకుంటున్నాను. మీరు ఆడవాళ్లయితే, పరుగు మొదలుపెట్టేముందు సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు చూపే పరీక్ష), ఫెరిటిన్ చేయించుకోండి. సీబీపీకి పెద్ద ఖర్చు కాదు. ఫెరిటిన్‌కు కొంచెం ఎక్కువే అవుతుంది, అయినా మానకండి. మగవాళ్లయితే ఇంట్లో ఆడవాళ్లకు చేయించండి.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఆ అమ్మాయి రోజూ చూస్తోంది. పడ్డాక తన ఈవెంట్స్ రోజున ల్యాబ్‌కు సెలవు పెట్టి గ్రౌండ్ బయట నిలబడతాను, ఈ మాట తనకు ముందే ఇచ్చాను. రేపు ఆదివారం, ఐదింటికి బ్రిడ్జి దగ్గర కలుస్తున్నాం. వదిన కూడా వస్తానంది.