సైకిల్ కోసం పాప సిప్ ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. మియాపూర్‌లో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 92,000 వస్తుంది. మా ఆవిడ స్కూల్ టీచర్, జీతం 28,000. పాపకు తొమ్మిదేళ్లు. ఇంటి లోన్ ఈఎంఐ 34,000, ఇంటి ఖర్చు 48,000, పాప ఫీజు, బస్సు కలిపి నెలకు 9,000. ఊళ్లో అమ్మకు 8,000 పంపిస్తాను. పాప చదువు కోసం నెలకు 10,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదా) కడుతున్నాం. ఎఫ్‌డీలో 3.1 లక్షలు ఉన్నాయి. ఏప్రిల్‌లో 90,000 దాకా బోనస్ వస్తుంది. కోటి రూపాయల టర్మ్ పాలసీ ఉంది. ఆరోగ్య బీమా అంటే కంపెనీ ఇచ్చిన 5 లక్షలదే. మా నాన్న 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ భయంతోనే ఆరేళ్ల క్రితం పరుగు మొదలుపెట్టాను. హైదరాబాద్ మారథాన్ ఫుల్ రెండుసార్లు పూర్తి చేశాను, రెండోసారి 4 గంటల 48 నిమిషాల్లో. ఇప్పుడు గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 (ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే ట్రయథ్లాన్ పోటీ), ఆ తర్వాత మలేషియాలోని లంకావీలో ఫుల్ ఐరన్‌మ్యాన్ చేయాలని ఉంది. ఈత కొత్త. ఆగకుండా 400 మీటర్లు వెళ్లగలను. గోవాకు ఎంట్రీ, ప్రయాణం, బస, సైకిల్ తీసుకెళ్లడం కలిపి 70,000 అవుతుందని లెక్కేశాను. 3 లక్షల కార్బన్ సైకిల్ ఒకటి చూసి పెట్టుకున్నా. బ్యాంకు 13 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఆ మూడేళ్లు సిప్ ఆపి అదే డబ్బుతో ఈఎంఐ కడదామనుకుంటున్నా. మా ఆవిడ ఇదంతా దుబారా అంటోంది. ఆరోగ్యం కోసం పెట్టేది దుబారా ఎలా అవుతుంది?

జవాబు: పరుగు దుబారా కాదు. నాన్నగారిని 52 ఏళ్లకే పోగొట్టుకుని, ఆ బాధను మనసులోనే మోయకుండా తెల్లవారుజామున లేచి రోడ్డెక్కారు. ఆగస్టు ఉక్కపోతలో నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ 42 కిలోమీటర్లు పరిగెత్తారు. అలాంటి మనిషికి ఆ అలవాటు మానుకోమని నేను చెప్పను. గోవా కూడా చేయండి. అయితే ఆ లోన్ తీసుకోకండి, సిప్ ఆపకండి.

ముందు లోన్ సంగతి. 3 లక్షలకు 13 శాతం వడ్డీతో మూడేళ్లంటే ఈఎంఐ దాదాపు 10,100 వస్తుంది. మొత్తం కట్టేది 3.64 లక్షలు, అందులో వడ్డీ 64,000. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. ఇంతవరకు మీరూ లెక్క వేసుకునే ఉంటారు. పాప వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. ఆమె కాలేజీలో చేరడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. ఈ మూడేళ్లలో సిప్‌లో కట్టాల్సిన 3.6 లక్షలు ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగితే, ఆమెకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి సుమారు 7.3 లక్షలవుతాయి. మార్కెట్ కచ్చితంగా 10 శాతమే ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, కాస్త తక్కువే రావచ్చు. అయినా ముందు కట్టిన వాయిదాలకే పెరగడానికి ఎక్కువ ఏళ్లుంటాయి. మీరు ఆపుతానంటున్నవి సరిగ్గా ఆ వాయిదాలే. మీ ఆవిడ అంకెల్లో చెప్పి ఉండకపోవచ్చు, ఆమె భయానికి మాత్రం కారణం ఉంది.

ఎఫ్‌డీ కూడా ముట్టుకోవద్దు. ఈఎంఐ, ఇంటి ఖర్చు, ఫీజు, అమ్మగారికి పంపేది కలిపితే నెలకు 99,000. 3.1 లక్షలంటే మూడు నెలల ఖర్చు మాత్రమే. రేపు ఉద్యోగానికి ఏదైనా అయితే ఇంటిని నిలబెట్టేది ఆ డబ్బే. నిజానికి అది ఆరు నెలలకు సరిపడా ఉండాలి.

ఇక సైకిల్. నేను కూడా పరిగెత్తేవాణ్ని కాబట్టి ఈ మాట కాస్త చనువుతో చెబుతున్నాను. 70.3 అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో కలిపితే 70.3, అందుకే ఆ పేరు. మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు ఇస్తారు. ఈత వరకు 70 నిమిషాల్లో ముగించాలి. అంటే ప్రతి 100 మీటర్లనూ 3 నిమిషాల 40 సెకన్లలోపు దాటుతూ, అలల్లో, చుట్టూ వందల మంది చేతులు కాళ్లు ఆడిస్తుండగా, ఆగకుండా 19 సార్లు వెళ్లాలి. మీరు ఇప్పుడు 400 మీటర్ల దగ్గర ఉన్నారు. ఈతలో సమయం దాటితే సైకిల్ దాకా పోనివ్వరు. 3 లక్షల సైకిల్ ఒడ్డున స్టాండుకు వేలాడుతూ ఉండిపోతుంది. మీ డబ్బు ముందుగా వెళ్లాల్సింది ఈత కోచ్ దగ్గరికి.

90 కిలోమీటర్లను గంటకు 27 చొప్పున తొక్కితే మూడు గంటల ఇరవై నిమిషాలు, 30 చొప్పున తొక్కితే మూడు గంటలు. ఆ ఇరవై నిమిషాల తేడా ఎక్కువగా కాళ్ల నుంచి, సైకిల్ మీద కూర్చునే తీరు నుంచి వస్తుంది. గాలి అడ్డులో ఎక్కువ వాటా మనిషి ఒంటిదే, ఫ్రేమ్‌ది తక్కువ. అల్యూమినియం ఫ్రేమ్ రోడ్ బైక్ మంచిది ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మీ కొలతలకు సరిగ్గా బైక్ ఫిట్ చేయించుకుంటే 60,000లో తేలుతుంది. మామూలు రోడ్ బైక్‌తో 70.3 పూర్తి చేసినవాళ్లు మన ఊళ్లోనే ఎంతోమంది ఉన్నారు. వాడిన కార్బన్ ఫ్రేమ్ మాత్రం కొనకండి. లోపల చీలిక ఉన్నా పైకి కనిపించదు. కొల్లూరు వైపు ఓఆర్‌ఆర్ సైకిల్ ట్రాక్ మీకు దగ్గరే, పైన సోలార్ కప్పు కూడా ఉంది. దాని మీద వారానికి రెండు రోజుల చొప్పున ఏడాది తొక్కాక కూడా ఆ సైకిలే మిమ్మల్ని ఆపుతోందనిపిస్తే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

గోవా రేసు అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో జరుగుతుంది. ఈసారి దాన్ని వదిలేసి, వచ్చే ఏడాదిది పెట్టుకోండి. 400 మీటర్ల ఈతను 1,900 మీటర్లకు తీసుకెళ్లాలన్నా, పరుగుకు అలవాటైన ఒళ్లు సైకిల్‌కు అలవాటు పడాలన్నా ఎలాగూ ఏడాది పైనే పడుతుంది. అంతకాలం డబ్బు కూడబెట్టుకోవచ్చు. మీ ఇంట్లో అన్నీ పోను నెలకు 11,000 మిగులుతోంది. అందులో 7,000 ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా వేసే రికరింగ్ డిపాజిట్) వేయండి. మిగతా 4,000 ఇప్పటి బూట్లు, స్విమ్మింగ్ పూల్ ఫీజు, చిన్న రేసుల ఎంట్రీలకు. ఇరవై నెలల్లో ఆర్‌డీ వడ్డీ కాకుండానే 1.4 లక్షలవుతుంది. దానికి ఏప్రిల్ బోనస్‌లో సగం, 45,000 కలపండి. 1.85 లక్షలు. ఇందులో సైకిల్‌కు 60,000, ఈత కోచింగ్‌కు 25,000, గోవాకు మీరు లెక్కేసిన 70,000, ట్రై సూట్ (ఈతకు, సైకిల్‌కు, పరుగుకు ఒకటే డ్రెస్), హెల్మెట్, రేసులో శక్తికి తీసుకునే జెల్స్, ట్యూబులకు 20,000 తీస్తే ఇంకా 10,000 మిగులుతుంది. ఒక్క రూపాయి అప్పు లేదు, పాప సిప్ ఒక్క నెల కూడా ఆగదు. మధ్యలో ఒక స్ప్రింట్ ట్రయథ్లాన్ చేయండి, 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. తర్వాత ఒక ఒలింపిక్ దూరం, అంటే 1.5, 40, 10. వీటికి ఖర్చు తక్కువ. పైగా ఈత ముగించి తడి ఒంటితో సైకిల్ ఎక్కడం, సైకిల్ దిగాక కాళ్లు మాట వినకపోవడం ముందే తెలిసిపోతాయి.

ఎంట్రీ ఫీజు గురించి ఒక జాగ్రత్త. ముందుగా రిజిస్టర్ చేసుకుంటే ధర తక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. అలాగని ఉత్సాహంలో ఇప్పుడే కట్టేయకండి, కట్టింది తిరిగి రావడం కష్టం. కొలనులో 1,500 మీటర్లు ఆగకుండా ఈదిన రోజున కట్టండి. అదీ ఆర్‌డీ డబ్బుతో. నో కాస్ట్ ఈఎంఐ అని చూపించే వాటిలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి.

మీరు అడగని విషయం బీమా. నాకు అన్నిటికన్నా టెన్షన్ దాని గురించే. కంపెనీ ఇచ్చే 5 లక్షలు ఉద్యోగం ఉన్నంతవరకే. బోనస్‌లో మిగిలిన సగంతో ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ప్రపోజల్‌లో నాన్నగారి గుండెపోటు గురించి అడిగితే దాచకుండా రాయండి. దాంతోపాటు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ, 50 లక్షలకు. సైకిల్ మీంచి పడి కాలర్ బోన్ విరిగితే ఆస్పత్రి బిల్లు ఆరోగ్య బీమా కడుతుంది. రెండు నెలలు ఆఫీసుకు వెళ్లలేకపోతే ఆ జీతం ఎవరిస్తారు? తాత్కాలికంగా పనిచేయలేని వారాలకు ఇంత అని ఇచ్చే సదుపాయం ఉన్న పాలసీ చూసుకోండి. ఆరోగ్య పాలసీల్లో సాధారణంగా ఉండే మినహాయింపు ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొనేవాళ్లకు, మీలాంటి అమెచ్యూర్‌కు కాదు. యాక్సిడెంట్ పాలసీల్లో మాత్రం పోటీలు, రేసింగ్ అనే మాట ఎక్కడైనా ఉందేమో చదవండి. "నేను సరదాగా ట్రయథ్లాన్లు చేస్తాను, వర్తిస్తుందా" అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఏజెంట్ నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఇది అనుభవంతో చెబుతున్నాను. 2016లో నా మొదటి ఫుల్ మారథాన్‌లో 32వ కిలోమీటరు దగ్గర, ఫ్లైఓవర్ దిగుతుండగా మోకాలి బయటి వైపు కత్తి దిగినట్టయింది. ఆ పది కిలోమీటర్లు నడిచి ముగించాను. తర్వాత ఫిజియోథెరపీ పన్నెండు సార్లు, సారికి 800. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి పాలసీలో పైసా రాలేదు. దూరం తొందరగా పెంచేసినందుకు నేను కట్టిన ఫీజు అది. పైన లెక్కలో మిగిలే 10,000 అలాంటి రోజు కోసమే, దానితో వాచీ కొనేయకండి.

ఇన్ని రేసులు చేసినా గుండె పరీక్ష చేయించుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మారథాన్ పూర్తి చేస్తే గుండె బాగున్నట్టే అనుకోకండి. మీ ఇంటి చరిత్ర కార్డియాలజిస్టుకు చెప్పి, ఆయన రాసినవన్నీ, ఈసీజీ, ఎకో, టీఎంటీ, కొలెస్ట్రాల్, ఏదైతే అది చేయించండి. సైకిల్ కొనే ముందు ఇది జరగాలి. పాత పన్ను విధానంలో ఉంటే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు, ఆరోగ్య బీమా ప్రీమియానికి ఇచ్చే పన్ను మినహాయింపు పరిమితి లోపలే, 5,000 దాకా మినహాయింపు కూడా ఉంది.

లంకావీ సంగతి ఇప్పుడు తేల్చకండి. ఫుల్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, దాని మీద ఫుల్ మారథాన్. విమానం, సైకిల్ బాక్సు, విదేశీ ఖర్చు మీద కార్డు వేసే మార్కప్, పోటీలకు వర్తించే ట్రావెల్ బీమా వేరే లెక్క. గోవా ముగిసి ఆర్‌డీ మళ్లీ నిండాక, ఎఫ్‌డీ ఆరు లక్షలకు చేరాక చూద్దాం.

మీ ఆవిడతో ఒక సాయంత్రం కూర్చుని ఈ అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసి చూపించండి. ఆమె జీతం 28,000 లేకపోతే ఈ ఇంట్లో మిగులే ఉండదు, కాబట్టి ఆ 7,000 ఆమె కూడా ఒప్పుకుని వేసేదే కావాలి. డబ్బుతోపాటు ఆదివారాల గురించి కూడా మాట్లాడండి. 70.3 శిక్షణలో ఆదివారం ఉదయం నాలుగైదు గంటలు పోతాయి, ఆ గంటల్లో పాపను, ఇంటిని చూసుకునేది ఆమే. నెలలో ఒక ఆదివారం పూర్తిగా ఇంటికి వదిలేయండి, ట్రైనింగ్ ప్లాన్‌లో దాన్ని విశ్రాంతి రోజుగా ముందే రాసుకోండి. గుండె పరీక్ష రిపోర్టు వచ్చాక, బీమా కంపెనీ మెయిల్‌కు జవాబిచ్చాక ఆ రెండూ నాకు పంపండి. పాలసీ ఏది తీసుకోవాలో అప్పుడు చూద్దాం.