పక్క సీటులో చెప్పుకున్న మాట

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. భర్తకు దూరంగా ఉంటున్న సంగతి ఆఫీసులో పక్క సీటు స్నేహితురాలితో చెప్పుకున్నాను. నెల తిరగకుండానే అందరికీ తెలిసిపోయింది. నాకు రావలసిన ప్రాజెక్టును మేనేజర్ గారు మరొకరికి అప్పగించి, "మీ పరిస్థితి విన్నాను, ఇప్పుడు మీకెందుకీ భారం" అన్నారు. అప్పటి నుంచి ఎవరితోనూ పనికి మించి మాట్లాడడం లేదు. దానికి పొగరని పేరు పెట్టారు. ఉద్యోగం మారిపోవాలా?

జవాబు: ఇప్పుడే మారవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. స్నేహితురాలు మాట దాచలేదన్న బాధే మీ మనసులో ముందుంది గాని, మీకు అసలు నష్టం చేసింది మీ మేనేజర్ గారి జాలి. మీ సామర్థ్యాన్ని మీ పనిని బట్టి కాక, చెవిన పడిన మాటను బట్టి అంచనా వేశారు. అదీ మిమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా. ఆయనతో విడిగా మాట్లాడేందుకు సమయం అడిగి, "నా ఇంటి విషయం నేను చూసుకుంటున్నాను. దానివల్ల పనికి ఇబ్బంది వచ్చేటట్లుంటే ముందుగా నేనే మీకు చెబుతాను. అంతవరకు నా పనిని చూసే నాకు బాధ్యతలు ఇవ్వండి" అని చెప్పండి. ఆయన ఆప్యాయంగానే వివరాలు కదిపినా, మళ్లీ ఆ మాటలే చెప్పి ఊరుకోండి. తరువాతి ప్రాజెక్టుకు సిద్ధంగా ఉన్నానని, ఇంటి ప్రస్తావన లేకుండా, ఒక మెయిల్ కూడా పంపండి.

ఇక స్నేహితురాలి సంగతి. ఒక రహస్యాన్ని ఎవరికైనా చెప్పిన క్షణం నుంచి వారు కూడా దానికి భాగస్వాములవుతారని, అది ఎవరి దగ్గర ఆగాలో ముందే అనుకోకపోతే చిక్కులు తప్పవని, గోప్యతపై సిద్ధాంతం రూపొందించిన అమెరికన్ పరిశోధకురాలు సాండ్రా పెట్రోనియో అంటారు. మీ మధ్య ఆ మాట జరిగినట్లు లేదు. ఆమె బహుశా "పాపం, కష్టంలో ఉంది" అనే ఎవరితోనో అని ఉంటుంది. (ఆఫీసుల్లో చాలా రహస్యాలు ఈ "పాపం" భుజాల మీదే ఊరేగుతాయి.) నిలదీయకండి, ఇకపై ఈ విషయం ఎవరితోనూ అనవద్దని మాత్రం స్పష్టంగా చెప్పండి.

మీరు పాటిస్తున్న మౌనం మాత్రం నాకు సరైనదిగా తోచడం లేదు. మీరు నోరు కట్టేసుకున్న కొద్దీ ఆ ఖాళీని ఊహలతో నింపే వారు పెరుగుతారు. పలకరింపులు, సరదా మాటలు ఎప్పటిలాగే సాగనివ్వండి. దాచవలసింది ఆ ఒక్క విషయమే. న్యాయవాదిని కలవడానికి సెలవు కావలసివస్తే, "గురువారం మధ్యాహ్నం నుంచి వ్యక్తిగత పని ఉంది" అంటే సరిపోతుంది, కారణం చెప్పనక్కరలేదు. రాత్రివేళ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే దిగులు వాక్యాలు కూడా చెప్పుకోవడం కిందికే వస్తాయి. అవి ఎవరెవరికి కనిపించాలో సెట్టింగులలో ఎంచుకోవచ్చు. మనసు విప్పుకోవడానికి ఆఫీసుతో సంబంధం లేని ఒక్క మనిషినైనా, వీలైతే ఒక కౌన్సెలర్‌నైనా చూసుకోండి.

ఇంత చెప్పాక కూడా తరువాతి ప్రాజెక్టు మిమ్మల్ని దాటిపోతే, కారణం రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం మారాలా వద్దా అన్నది ఆ జవాబు చూశాక ఆలోచించవచ్చు.